గోడవైపు వరసలో ఉన్నది

బియ్యం గురించి గురవయ్య మామకు తెలిసినంత బియ్యానికే తెలియదు. ఈ మాట నేను పది ఊళ్లలో చెప్పాను. కాదన్నవాడు ఇంతవరకు నా ముందు నిలబడలేదు. కళ్లు మూసుకుని నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే అవి హాలియా వైపు పొలాలవా, నిడమనూరు వైపువా చెప్పేవాడు. కోసినరోజు వాన పడిందో లేదో కూడా చెప్పేవాడు. ఇది మరీ ఎక్కువైందనుకుంటే సగం తీసేసుకోండి. మిగిలిన సగానికే మీరు నోరు తెరుస్తారు.

ఆయనది నిడమనూరు దగ్గర గొర్లు కాసే ఇల్లు. పద్దెనిమిదేళ్ల వయసులో మిర్యాలగూడ వచ్చి మిల్లులో హమాలీగా చేరాడు. బస్తాలు మోసి మోసి నడుము పోయాక బియ్యం శాంపిల్ తీసే పనికి మారాడు. మొన కోసుగా చెక్కిన జానెడు ఇనుప గొట్టాన్ని బస్తాలో పొడిచి లాగితే లోపలి గింజలు గుప్పెడు బయటికొస్తాయి. వాటిని అరచేతిలో పరిచి నూక ఎంత, తేమ ఎంత, పురుగుందా, ముక్కిన వాసనుందా చూడాలి. బాగుంటే ఆ నెట్టు మీద, అంటే పేర్చిన బస్తాల దొంతర మీద, సుద్దతో గీత గీయాలి. గురవయ్య గీత పడ్డ నెట్టును మళ్లీ ఎవరూ చూసేవారు కాదు. ముప్ఫై ఏళ్లు ఆ గీతకు ఎదురులేదు.

పంట బాగా వచ్చిన ఏడు గోదాములో చోటు చాలదు. అప్పుడు బస్తాల నెట్లను గోడకు ఆనించి కడతారు. అలాంటి నెట్టుకు మూడు వైపులే అందుతాయి. మామ వైపుకు నాలుగు చొప్పున పన్నెండు పోట్లు పొడిచేవాడు. పొడిచే ముందు ఒక పని చేసేవాడు. నెట్టు మీద అరచేయి ఆనించి, చెవి పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. గోదాము మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. పైనున్న చిన్న కంతల నుంచి నాలుగు వెలుగు కడ్డీలు దిగుతాయి, అంతే. పురుగుమందు వాసనకు పిచ్చుకలు కూడా లోపలికి రావు. అందులో ఒక మనిషి బస్తాలకు చెవి ఆనించి కళ్లు మూసుకుంటే, నాలాంటి లారీ డ్రైవర్‌కైనా నోట్లో తడి ఆరిపోతుంది. నేనేమో పదో తరగతిని మూడుసార్లు ఓడించి వచ్చినవాణ్ణి, దేనికీ జడవను.

"లోపల ఎవరున్నరు మామా?" అని అడిగేవాణ్ణి.

"ఉన్నోళ్లు ఉన్నరు. నువ్వు జర నోరు మూస్తే ఇనబడతరు."

పురుగు పట్టిన బస్తాలో ఎక్కడో దూరంగా ఇసుక జారుతున్నట్టు సన్నటి చప్పుడు వస్తుంది. నేనూ విన్నాను. మంచి సరుకు నిశ్శబ్దంగా ఉంటుందని మామ చెప్పేవాడు. ఆయన నమ్మకమంతా ఆ నిశ్శబ్దం మీదే ఉండేది.

2010లో ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. మూత్రం ఇబ్బంది మొదలైంది. ఒకసారి కోదాడ నుంచి మిర్యాలగూడకు నా లారీలో వస్తూ ఏడుసార్లు ఆపించాడు. ఏడోసారి, ఈ దారిలో ఇక ఎండిన చెట్టు ఉండదు మామా అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు. కూతురు త్రివేణిని కోదాడలోనే ఇచ్చారు. ఆ అమ్మాయే పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయింది. ఆదివారాలు విజయవాడ నుంచి ఒక మూత్రాల డాక్టరు అక్కడికి వచ్చేవాడు. రక్తంలో పీఎస్ఏ అని ఒకటి చూశారు. నాలుగు లోపల ఉండాల్సింది తొమ్మిది ఉంది. మూత్రసంచి కింద ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుంది, అందులో గడ్డేమైనా ఉందేమో ముక్క తీసి చూడాలన్నారు.

ముక్క తీయడమంటే మామ ఇంకేదో అనుకున్నాడు. తీరా బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, మలద్వారం నుంచి స్కానింగ్ కడ్డీ పెట్టి, దాని వెంట సూది పంపారు. సూది బోలుగా ఉంటుంది. టప్ అని చప్పుడవుతుంది. దారపు పోగంత మాంసం అందులోకి వస్తుంది.

"ఎన్ని?" అని అడిగాడట మామ, అంత బాధలోనూ.

"పన్నెండండీ," అన్నాడు డాక్టరు.

ఆ మాటతో మామకు సగం నొప్పి పోయింది. తన పనే తన మీద జరుగుతోంది, లెక్క కూడా అదే.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. డాక్టరు చెప్పాడు, "పన్నెండు చోట్ల తీశామండీ, పన్నెండూ శుభ్రంగా ఉన్నాయి. అయినా ఆర్నెల్లకోసారి రక్తం చూపించుకుంటూ ఉండాలి, వదిలేయకూడదు." మామ చెవికి మొదటి వాక్యమే ఎక్కింది. ఇంటికొచ్చి రిపోర్టు కవరు మీద సుద్దతో గీత గీశాడు. మందులేవో వాడితే మూత్రం కాస్త సర్దుకుంది. ఆర్నెల్లు పోయాయి, ఏడాది పోయింది, ఇంకో ఏడాది గడిచింది. పాసైన నెట్టును మళ్లీ పొడిచే అలవాటు ఆయనకు లేదు.

2012లో త్రివేణి పోరు పడలేక మళ్లీ రక్తం ఇచ్చాడు. పద్నాలుగు. మళ్లీ అదే బల్ల, అవే పన్నెండు టప్పులు. ఈసారీ శుభ్రమే. కానీ డాక్టరుకు నచ్చలేదు. "నంబరు పెరుగుతుంటే ముక్కలు శుభ్రమంటున్నాయి. రెండింటికీ పొసగట్లేదండీ. హైదరాబాద్ వెళ్లి ఎమ్మారై తీయించుకోండి," అన్నాడు.

"ఇరవైనాలుగు పోట్లకు పాసయిన. ఇంకా తెరిపియ్యమంటడు. నేను గిట్ల చేస్తే మిల్లోడు నన్ను గోదాముల పెట్టి తాళమేస్తడు," అని మామ నాతో నవ్వాడు. భార్య లక్ష్మీనర్సమ్మ ఆ సాయంత్రం బెల్లం అన్నం వండింది. నేనూ రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

మరుసటి ఏడు సెప్టెంబరులో, గోదాములో అయిదో నెంబరు నెట్టు దించుతున్నారు. జూన్‌లో మామే పొడిచి గీత గీసిన నెట్టు అది. గోడకు ఆనించి కట్టింది. సరుకు ఎక్కించుకోవడానికి నా లారీ గుమ్మం దగ్గర పెట్టి ఉంది, కనుక ఇక్కడి నుంచి నేను చెప్పేదానిలో సగం తీసేయకండి. ఒక్క గింజ కూడా ఎక్కువ చెప్పడం లేదు.

ముందు వరసలు బాగున్నాయి. ఒక్కో బస్తాకు హమాలీల మెడలు వంగాయి. మధ్యాహ్నం రెండు గంటలకు గోడవైపు వరస ఒక్కటే మిగిలింది. తండా నుంచి వచ్చే బాల్యా అనే హమాలీ పైబస్తాకు కొక్కెం తగిలించి, అలవాటు కొద్దీ బలంగా లాగాడు. చేతులు ఒక్కసారిగా తల పైకి లేచిపోయాయి, వెనక్కి పడబోయాడు. బస్తాలో బరువు లేదు. కానీ బస్తా ఆకారం అలాగే ఉంది, నిండుగా, కుట్టు చెదరకుండా. బాల్యా చేతుల్లో అది నిదానంగా ఊపిరి వదిలింది. నిజంగానే వదిలింది. వెచ్చటి గాలి మా మొహాలకు తగిలింది. తర్వాత కుదించుకుపోయి గోనెగుడ్డ అయింది. లోపల బూడిదరంగు పిండి, సాలెగూడు లాంటి దారాలు.

"కాకా, దీంట్ల ఎవడో ఉండి పోయిండు," అన్నాడు బాల్యా, మామ వైపు చూసి.

రెండోది లాగారు, అదీ అంతే. ఆ వరసంతా నలభై బస్తాలు. గోడ చెమ్మకు మొదలై, తిన్నంతా తిని, పెంకు మాత్రం మా కోసం నిలబెట్టి పోయింది ఏదో. పక్క వరసలో ఒక్క గింజ ముట్టలేదు. పొడిస్తే మూడు వైపులా మంచి బియ్యమే వచ్చేది.

మామ ఆ పొద్దున కూడా ఆ నెట్టుకు చెవి పెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదని తలూపాడు. ఇప్పుడు ఆ పిండిని వేళ్ల మధ్య నలుపుతూ నిలబడ్డాడు.

"సప్పుడు రాలేదు కదా మామా," అన్నాను.

"అంత తిన్నంక సప్పుడెందుకొస్తది?"

ఆ మాట అని, పిండి అంటిన చేయి పొత్తికడుపు కింద పెట్టుకున్నాడు. "అల్లుడా, నన్ను పొడిచినోళ్లు ఏ దిక్కు నుంచి పొడిచిండ్రు?" అని అడిగాడు. నేను ఆయన అల్లుణ్ణి కాను. ప్రేమ వచ్చినా కోపం వచ్చినా అలాగే పిలుస్తాడు.

"ఎనక నుంచే కదా."

"రెండుసార్లు ఎనక నుంచే. మరి ముంగటి దిక్కు ఎవలు సూసిండ్రు?"



మూడోరోజు సూర్యాపేటలో రక్తం ఇస్తానని నా లారీ ఎక్కాడు. స్నానం చేసి ఉతికిన తెల్లంగీ వేసుకున్నాడు. లారీ ఖాళీ. ఊరు దాటిన కాసేపటికి నాకు ముక్కిన బియ్యం వాసన కొట్టింది. వెచ్చగా, పుల్లగా, గోడవైపు బస్తాలు వదిలిన గాలి వాసన. వెనక ఏదో చిరుగు సంచి మిగిలిందనుకుని బండి ఆపి ఎక్కి చూశాను. కడిగిన చెక్కలు, మడిచిన టార్పాలిను. అక్కడ వాసన లేదు. దిగి క్యాబిన్ తలుపు తీశాను. ఉంది. ఎక్కి బండి తీశాను. స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తున్నాను.

"నీకు గూడ వస్తుందా?" అన్నాడు మామ.

కిటికీ అద్దం దించాను.

నంబరు పందొమ్మిది వచ్చింది.

హైదరాబాద్ అనగానే లక్ష్మీనర్సమ్మ అడ్డం పడింది. "ఇరవైనాలుగు తూట్లు పడ్డయ్. లేదు లేదని రెండుసార్లు రాసిచ్చిండ్రు. ఇంకా పొడిపిచ్చుకుంటే లేనిది లేస్తది. సూది తగిలితే పాకుతదంట, మా సిన్నమ్మకు గట్లనే అయింది."

"నీకెవలు చెప్పిండ్రు?"

"అందరు చెప్తుండ్రు. నువ్వొక్కనివే ఇంటలేవ్."

మామ వాదించలేదు. ఆమెను గోదాముకు తీసుకొచ్చాడు. గోడవైపు వరసలో పది బస్తాలు విచారణ కోసమని ఇంకా అలాగే నిలబెట్టి ఉంచారు. "ఈ బస్తాల్ల ఏది మంచిదో సెప్పు," అన్నాడు. ఆమె చూసింది. నిండు బస్తాల్లా ఉన్నాయి అన్నీ. ఒకదాని మీద చేయి వేసింది. గోనె లోపలికి పోయింది. చేయి మోచేతి దాకా పోయింది. ఆమె కేక వేయలేదు. చేయి మెల్లగా బయటికి తీసి కొంగుతో తుడుచుకుంది. తుడిచిందే తుడిచింది, ఇంటికొచ్చేదాకా. మర్నాడు పొద్దున సంచి సర్ది గుమ్మంలో కూర్చుంది.

హైదరాబాద్‌లో చూసింది ఒక డాక్టరమ్మ. మామ మొదటే ఎమ్మారై అడిగేసరికి ఆమె పాత రిపోర్టులు తిరగేసి తలూపింది. మిషన్ లోపలికి ఇనుమేదీ పోకూడదని మొలతాడుకున్న వెండి బిళ్లలతో సహా అన్నీ తీయించారు. సొరంగంలోకి తోశారు. నలభై నిమిషాలు. నేను తలుపు బయట ఉండి ఆ దెబ్బలు విన్నాను, ఎవరో ఇనుప గదిలో ఉండి తలుపు తీయమని బాదుతున్నట్టు.

బయటికొచ్చాక అడిగాను, "భయమైందా మామా?"

"సప్పుడుకు కాలె. నడుమ నడుమ ఆగుతది సూడు, గప్పుడు."

డాక్టరమ్మ బొమ్మలు కంప్యూటరులో పెట్టి చూపించింది. బూడిదరంగు వలయాలు, ఒకదాని తర్వాత ఒకటి.

"ఇది నేనేనా అమ్మా?"

"మీరే. పైనుంచి కిందికి పొరలు పొరలుగా కోసి చూసినట్టు అనుకోండి."

పొరలు కదిలాయి. నాలుగో అయిదో పొరలో ముందువైపు ఒక నల్లటి మరక వచ్చింది, మసి అంటిన బొటనవేలు ఆనించినట్టు. తర్వాతి పొరలో పెద్దదైంది. ఆ తర్వాత చిన్నదై, లేకుండా పోయింది. తెరిచిన తలుపు ముందు నుంచి ఎవరో అటు వెళ్లినట్టే ఉంది. డాక్టరమ్మ మళ్లీ వెనక్కి తిప్పింది. మళ్లీ వచ్చింది. లక్ష్మీనర్సమ్మ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

"ఈ జబ్బు ఎక్కువమందికి వెనక భాగంలో మొదలవుతుంది," అంది డాక్టరమ్మ. "అందుకే వెనక నుంచి పన్నెండు ముక్కలు తీస్తారు. మీ గ్రంథి పెద్దది. సూది ముందు భాగం దాకా అందలేదు. ఈసారి మత్తు ఇచ్చి, కాళ్ల మధ్య చర్మం నుంచి సూది పంపుతాం. అప్పుడు ముందువైపు నేరుగా అందుతుంది. మరక ఉన్నచోట నాలుగు ముక్కలు. మిగతా అంతటా మామూలుగా పన్నెండు."

"మరక కనబడ్డది గద. మళ్ల ఆ పన్నెండెందుకు?" అని లక్ష్మీనర్సమ్మ అడిగింది.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపు మామ అందుకున్నాడు. "కనబడ్డ కాడనే పొడిసి పోతే కనబడంది ఆడనే ఉంటది. ఫొటోకు దొరకనియ్యి గూడ ఉంటయ్ గదా అమ్మా?"

"ఉంటాయి. ఎమ్మారైకి చిక్కనివి కొన్ని ఉంటాయి. ఇంకో సంగతి, ఈ మరక కేన్సరే కావాలని కూడా లేదు. పాత వాపు కూడా ఇలాగే నల్లగా కనిపిస్తుంది."

"ఇంకొకటి. మరక ఫొటోలుంది. సూది నాలో పోతది. సూది గాడికే పోతదని మీకెట్ల ఎరుక?"

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి ఆయన్ని కొత్తగా చూసింది. "మీరేం పని చేస్తారు?"

"శాంపిల్ తీస్త."

"ఈ బొమ్మ ఒక పక్క పెట్టుకుంటాను. ఇంకో పక్క స్కానింగ్ తెర మీద లోపలిది కనిపిస్తూ ఉంటుంది. మూత్రనాళం ఎక్కడుంది, అంచు ఎక్కడుంది, ఆ గుర్తులు రెండింటిలో కలుపుకుంటూ పోతాను. వెంట్రుకవాసి అటూ ఇటూ కావచ్చు. అందుకే ఒకటి కాదు, నాలుగు."

"మంచిది. పొడువుండ్రి," అన్నాడు మామ.

పొడిచారు. జ్వరం రాకుండా మందులిచ్చి మర్నాడు పంపేశారు. ఆ పది రోజులూ నేను కోదాడ, సూర్యాపేట బేరాలు వదులుకుని మిర్యాలగూడలోనే తిరిగాను. మామ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు, పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు.

రిపోర్టుకు ముగ్గురం వెళ్లాం. పన్నెండు ముక్కలూ శుభ్రం. మరకలో తీసిన నాలుగింటిలో మూడింట్లో కేన్సర్.

మామ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. లక్ష్మీనర్సమ్మే అడిగింది, "ఎప్పటి నుంచి ఉందమ్మా ఇది?"

"కచ్చితంగా చెప్పలేం. మొదటిసారి రక్తం చూసినప్పటికే ఉండి ఉండొచ్చు. మూడేళ్లు, నాలుగేళ్లు."

లక్ష్మీనర్సమ్మ బల్ల అంచుకేసి చూసింది. "నాలుగేండ్లు మా ఇంట్ల ముగ్గురం పండుకున్నం," అంది, ఎవరితోనూ కాదు. తర్వాత తలెత్తింది. "ఎప్పుడు తీస్తరు?"

ఎముకల స్కానింగ్ చేసి, ఎక్కడికీ పాకలేదని చూసుకుని, ఇంకో పది రోజులకు ఆపరేషన్ పెట్టారు. నాలుగు గంటలు పట్టింది. అది అయ్యాక అక్కడ ఒక పద్ధతి ఉంది. తీసిందేదో ఇంటివాళ్లను పిలిచి చూపిస్తారు. థియేటర్ తలుపు సందులోంచి నర్సు స్టీలు గిన్నె పట్టుకొచ్చింది, వెనకే డాక్టరమ్మ. నేను గోడ వైపు తిరిగాను. ఒకసారి మునగాల దగ్గర బోల్తా పడ్డ లారీలోంచి నలుగురిని ఒంటిచేత్తో లాగినవాణ్ణి, ఈ గిన్నెలోకి చూడలేకపోయాను.

లక్ష్మీనర్సమ్మ చూసింది. పెద్ద సపోటా అంత ఉందట. డాక్టరమ్మ గ్లవుజు వేలితో ముందువైపు ఒకచోట నొక్కి, గట్టిగా ఉన్నది ఇక్కడే అంది. లక్ష్మీనర్సమ్మ వంగి, మొహం దగ్గరగా పెట్టి, దానితో మాట్లాడబోతున్నట్టు చూసింది.

"అంత వచ్చిందా అమ్మా? ఏమన్న లోపల మిగిలిందా?"

"చేతికి దొరికినంతా తీశాం. అంచులు పరీక్షకు పంపుతాం. అంచుల్లో లేకపోతే బయటికి పోనట్టే."

పదకొండో రోజున మామ మూత్రం పైపు సంచి పంచె కింద దాచుకుని, నా భుజం పట్టుకుని నడుచుకుంటూ డాక్టరమ్మ గదికి వచ్చాడు. డాక్టరమ్మ మొహం వెలిగిపోతోంది.

"అంచుల్లో ఏమీ లేదు. అంతా శుభ్రం," అంది.

నేను ఈల వేయబోయాను. శుభ్రం అన్న మాటకు భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్లలోనూ సంతోషం లేదు. డాక్టరమ్మ నవ్వు మెల్లగా తగ్గింది.

"మళ్ల ఎప్పుడు రావాలె?" అన్నాడు మామ.

"మూడు నెలలకు రక్తం చూపించుకోండి, చాలు."

"రెండు నెలలకు వస్తం," అంది లక్ష్మీనర్సమ్మ.